బంగారు రంగు పూత పనిముట్లు: ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ డబ్బు దండగ

పనిముట్ల దుకాణాల్లో బంగారు రంగులో మెరిసే డ్రిల్ బిట్లను మీరు చూసే ఉంటారు. ఆ మెరుపు సాధారణంగా టైటానియం నైట్రైడ్ అనే గట్టి పూతది. ఇదే పూత రోటవేటర్ బ్లేడ్లకు, నాగలి కర్రులకు వేయిస్తే అరుగుదల తగ్గుతుందా అనే సందేహం రావడం సహజం. డబ్బు పెట్టే ముందు ఈ విషయాలు తెలుసుకోండి.

పూత ఎలా వేస్తారు?

గాలి పూర్తిగా తీసేసిన ఉక్కు గదిలో టైటానియం దిమ్మెపై విద్యుత్ ఆర్క్ రగిలిస్తారు. వెల్డింగ్‌లో మాదిరిగానే వోల్టేజీ తక్కువ, కరెంటు ఎక్కువ: సుమారు 20 వోల్టులు, 100 ఆంపియర్లు. ఆర్క్ తగిలిన చోట లోహం ఆవిరై ప్లాస్మాగా మారుతుంది. గదిలోకి వదిలిన నత్రజనితో కలిసి పనిముట్టుపై పలుచని పొరగా పేరుకుంటుంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ సంస్థలో ఇలాంటి పూతలపై పరిశోధన జరుగుతోంది.

దుక్కి పనిముట్లకు ఎందుకు సరిపోదు?

ఈ పూత ఉక్కు కంటే గట్టిదే. కానీ మందం 2 నుంచి 5 మైక్రాన్లే. తల వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలుచన. రాయి తగిలితే కింది ఉక్కు సొట్టపడి, పైపూత పగిలిపోతుంది. ఇనుప పలకలకు రంధ్రాలు వేసే డ్రిల్ బిట్లకు మాత్రం ఇది మేలు.

మీరు చేయాల్సినవి

• బ్లేడ్లు, కర్రుల అంచులకు హార్డ్‌ఫేసింగ్ వెల్డింగ్ చేయించుకోండి. ఇది 2 నుంచి 3 మిల్లీమీటర్ల, అంటే 2000 నుంచి 3000 మైక్రాన్ల మందం వస్తుంది.
• అంచు కొత్తగా ఉన్నప్పుడే చేయించాలి. బాగా అరిగిన బ్లేడును మార్చడమే మంచిది.
• వెల్డింగ్ కాగానే నీళ్లలో ముంచరాదు; పగుళ్లు వస్తాయి. నెమ్మదిగా చల్లారనివ్వాలి.
• అన్ని బ్లేడ్లకూ సమానంగా వేయించాలి. లేకపోతే బరువు తేడాతో రోటవేటర్ అదురుతుంది.
• బ్లేడ్లు విప్పే ముందు ట్రాక్టర్ ఇంజన్ ఆపి తాళం తీసి, రోటవేటర్ కింద గట్టి దిమ్మెలు పెట్టండి.

కొనేటప్పుడు

బంగారు రంగు పెయింటు చూసి మోసపోకండి. ఇనుప మేకుతో గీయండి. పెయింటు అయితే లేచిపోతుంది, అసలు పూత లేవదు. సాన పట్టిన చోట పూత పోతుందని కూడా గుర్తుంచుకోండి.