అంతర్జాతీయ విద్యా పథకాలు - ఉపాధ్యాయుల వృత్తి వికాసం: బోగోలు, నెల్లూరు జిల్లా నేపథ్యం

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా తీరప్రాంత మండలమైన బోగోలులోను, తక్కిన మండలాలలోను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు అంతర్జాతీయ విద్యా సహకారం ప్రధానంగా రెండు పథకాల ద్వారా అందినది. మొదటిది ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (అపెప్). రెండవది జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డి.పి.ఇ.పి.). పాత్రికేయుల, అధికారుల సమాచారార్థం వీటి వివరాలు ఇక్కడ పొందుపరచడమైనది.

బ్రిటిష్ ప్రభుత్వ ఆర్థిక సహాయంతో 1980వ దశకంలో ప్రయోగాత్మకంగా కొన్ని జిల్లాలలో ప్రారంభమైన అపెప్, 1989లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాలకూ విస్తరించి 1996 వరకు కొనసాగినది. పాఠశాల భవనాల నిర్మాణం ఇందులో ఒక భాగం మాత్రమే. అసలు లక్ష్యం బోధనా విధానంలో మార్పు. ఇందుకు ఆరు సూత్రాలను రూపొందించారు. ఉపాధ్యాయుడే అభ్యసన కృత్యాలను తయారుచేయుట, పిల్లలు స్వయంగా చేసి, కనుగొని నేర్చుకొనుట, వ్యక్తిగతంగాను, జట్లుగాను, తరగతి మొత్తంగాను పని చేయించుట, పిల్లల మధ్య భేదాలను గుర్తించుట, స్థానిక పరిసరాలను వినియోగించుట, పిల్లల పనిని ప్రదర్శించి తరగతి గదిని ఆకర్షణీయంగా తీర్చిదిద్దుట అనునవి ఆ ఆరు.

వీటిలో ఐదవది బోగోలు వంటి మండలానికి మిక్కిలి అనువైనది. ఒకవైపు జువ్వలదిన్నె సముద్రతీరం, మరొకవైపు ఆవిరి ఇంజన్ల కాలంలో లోకో షెడ్డుతో పేరుపొందిన బిట్రగుంట రైల్వే స్టేషన్, కొండబిట్రగుంట ఆలయం ఈ మండలంలోనివే. లెక్కలకు చేపల తూకం, కాలమానానికి రైళ్ల వేళలు పాఠ్యవస్తువులు కాగలవు. ఇందుకు విదేశీ సామగ్రి అక్కరలేదు. విదేశం నుండి వచ్చినది సామగ్రి కాదు, పద్ధతి.

ఈ పద్ధతిని శిక్షకులు పలు దశలుగా క్షేత్రస్థాయికి చేర్చారు. ఒక్కొక్క దశ దాటునప్పుడు మూలభావం పలుచబడుట ఇటువంటి శిక్షణలో సహజమైన లోపం. దీనిని సరిదిద్దుటకే ఇరుగుపొరుగు పాఠశాలల వారు కలుసుకొను ఉపాధ్యాయ కేంద్రాలు ఏర్పడినవి. తాము తయారుచేసిన బోధనోపకరణాలను అక్కడ తోటివారికి చూపి, ఇబ్బందులను చర్చించుకొనుటయే ఈ కేంద్రాల ప్రయోజనం. పథకంలో చిరకాలం నిలువదగిన అంశం ఇదేనని చెప్పవచ్చు.

మూల్యాంకనంలోనూ ఇరుదేశాల వారు పాలుపంచుకున్నారు. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలిన్ లేసీ, బ్యారీ కూపర్, హ్యారీ టొరెన్స్ ఇందలి రూపకల్పన, విశ్లేషణ సమస్యలపై రచించిన వ్యాసం 1993లో బ్రిటిష్ ఎడ్యుకేషనల్ రీసెర్చ్ జర్నల్‌లో వెలువడినది. ఇన్ని వేల పాఠశాలలలో మార్పును కొలుచుట, శిక్షణ పొందినవారి సంఖ్యను లెక్కించుట ఒకటి కావు. అధికారిక నివేదికలలో రెండవదే ఎక్కువగా కానవచ్చుట తెలిసినదే.

అపెప్ ముగిసిన 1996లోనే బ్రిటిష్ సహాయంతో డి.పి.ఇ.పి. తొలి దశ ఐదు జిల్లాలలో మొదలైనది. విజయనగరం, కర్నూలు, కరీంనగర్, వరంగల్‌లతో పాటు నెల్లూరు అందులో ఒకటి. కావున ఈ జిల్లా ఉపాధ్యాయులకు శిక్షణ తెగిపోలేదు. అపెప్ మౌలికంగా బోధనకు సంబంధించినది కాగా, డి.పి.ఇ.పి. జిల్లాను ప్రణాళికా ఘటకంగా తీసుకొని, నమోదు, బడిమానివేత, బాలికా విద్య అంశాలను జోడించినది. మండల వనరుల కేంద్రాలు ఈ కాలంలో బలపడినవి. పల్లిపాడులోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్) జిల్లాలో ఉపాధ్యాయ శిక్షణకు కేంద్రం. తదుపరి 2001లో సర్వశిక్షా అభియాన్, 2018లో సమగ్ర శిక్ష వచ్చినవి.

వ్యక్తిగతంగా విదేశాలకు వెళ్లు మార్గం వేరు. భారత్, అమెరికాల మధ్య 1950లో కుదిరిన ఫుల్‌బ్రైట్ ఒప్పందం 2008 నుండి ఫుల్‌బ్రైట్-నెహ్రూ పేరుతో ఉభయ ప్రభుత్వాల నిధులతో నడిచినది. ఫుల్‌బ్రైట్ పథకాలలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు అమెరికాలో ఆరు వారాల శిక్షణ కూడా ఒకటి. ఎంపికయ్యేవారు బహు స్వల్పం. ఒక్క ఉపాధ్యాయుడు వెళ్లి వచ్చినంత మాత్రాన మండలానికి మేలు కలగదు. అతడు తిరిగి వచ్చిన పిదప తోటివారితో అనుభవం పంచుకొనుటకు పాఠశాల సముదాయ సమావేశాలలో సమయం కేటాయించవలసినది మండల విద్యాధికారియే.