చిత్వన్: వేటభూమి నుంచి రక్షితారణ్యానికి
నేపాల్ అనగానే హిమశిఖరాలే మనసులో మెదిలినా, ఆ దేశంలో వన్యప్రాణి సంరక్షణ వేళ్లూనుకున్నది కొండల దిగువన, ఏనుగును దాచేంత ఎత్తు గడ్డి పెరిగే తరాయి, అంటే పల్లపు తేమనేలల పట్టీలో ఉన్న చిత్వన్‌లో. అప్పట్లో నేపాల్‌ను ఏలిన రాణా వంశపు ప్రధానమంత్రులు తమకూ అతిథులకూ వేటభూమిగా ఉంచుకున్న ఆ అడవిలో 1911లో బ్రిటిష్ చక్రవర్తి ఐదవ జార్జి బృందం 39 పులులనూ 18 ఖడ్గమృగాలనూ కూల్చింది. అయినా అడవి మిగిలిందంటే మలేరియా భయమే దానికి అసలు కావలి అనాలి. 1950ల నుంచి డీడీటీ చల్లి దోమలను అణచగానే కొండ రైతులు దిగివచ్చి గడ్డిభూములను దున్నుకోవడంతో, 1960ల నడుమకల్లా అక్కడి ఖడ్గమృగాలు సుమారు వందకు పడిపోయాయి.

1973లో చట్టం చేసి చిత్వన్‌ను దేశపు తొలి జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి, ఆపై సైన్యాన్ని కాపలా పెట్టిన ఫలితంగా జంతువులు కోలుకున్నాయి గాని, ఆ రక్షణ భారం మోసింది తరతరాలుగా అక్కడే బతికిన థారూలు. ఇంటికప్పుకు కావలసిన గడ్డిని ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే, అదీ అనుమతి చీటీ ఉంటేనే, కోసుకోవలసి రావడం చిన్న కష్టం కాదు. ఈ అన్యాయాన్ని కొంతైనా సవరించేందుకు 1996లో ఉద్యానవనం చుట్టూ మధ్యస్థ మండలాన్ని (బఫర్ జోన్) ఏర్పరచి, ఉద్యానవనం రాబడిలో 30 నుంచి 50 శాతం గ్రామాలకు మళ్లించారు. 2021 గణనలో దేశంలోని 752 ఖడ్గమృగాలలో 694 చిత్వన్‌లోనే కనిపించాయి.