కొండమీది ఇండ్లు, అద్దెల చట్టము

హైదరాబాదు బంజారాహిల్సుకు ఆ పేరు ఒకప్పుడచ్చట నివసించిన లంబాడీలవలన వచ్చినది. 1930 దశకమున మెహదీ నవాజ్ జంగు బండరాళ్ళను తొలగింపక, వాటినే గోడలుగా కలుపుకొని అచ్చట గృహము నిర్మించినారు. తరువాత సంపన్నులు కొండ నెక్కిరి.

1960లో ఆంధ్రప్రదేశ్ అద్దెల నియంత్రణ చట్టము వెలువడినది. నూతన నిర్మాణములు పెరుగవలెనని, 1957 ఆగస్టు 26 మొదలు కట్టిన ఇండ్లకు దానినుండి మినహాయింపు నిచ్చిరి. 1983లో సుప్రీంకోర్టు దీనిని కొట్టివేసినది. ఆ సంవత్సరమే ప్రభుత్వము, కట్టి పదేండ్లు నిండని ఇండ్లను, నెలకు వేయి రూపాయలు మించిన అద్దెలను మరల మినహాయించినది.

ధనికుల వీథులు ఆ గీతకు ఆవలనే ఉన్నవి. రూపాయి విలువ తగ్గినకొలది సామాన్యుని గదియు గీత దాటినది. 2005లో నగరములందు దానిని 3,500కు జరిపినారు. అద్దెలు అంతకంటె వడిగా నడచినవి. కొండకు పేరిచ్చినవారికి నేడచ్చట అద్దెగదియు దుర్లభమే.