కువైటామె

పులివెందులలో, జమ్మలమడుగు మీద తిరిగి పోయే ప్రొద్దుటూరు బస్సు ఎక్కండి. కిటికీ పక్కన చీనీ తోటలు అయిపోకముందే ముందు సీట్లో మాటలు మొదలవుతాయి.

"యాడికమ్మా?"

"ప్రొద్దుటూరికక్కా. పాపకు కమ్మలు తీసుకుందామని."

"నీకేమిలే, కువైటుదానివి!"

ఆమె నవ్వి ఊరుకుంటుంది. పేరు మాత్రం పక్కనున్న పెద్దామె అడగదు. కువైట్లోనూ అంతే. వీధిలో మగకూలీ ఎవరైనా 'రఫీక్', మన దేశంవాళ్లంతా 'హిందీ', ఒక్క ముక్క హిందీ రాకపోయినా సరే. ఇంటిపనికి పోయిన ఆడమనిషి 'కద్దామా'. ఆమె మాత్రం ఇంటాయనను బాబా, ఇంటామెను మామా అని పిలవాలి. ముద్దనూరు దాటేలోగా ఇదంతా మీకూ తెలిసిపోతుంది.

"ఇరవై నంబరు వీసా అక్కా. కఫీలు ఇల్లు దాటితే ఖల్లివల్లి అంటారు."

ఇరవై నంబరంటే ఇంటిపని వీసా, కఫీలంటే ఆ వీసా ఇచ్చిన యజమాని. కొట్టారనో, జీతం ఎగ్గొట్టారనో ఆ ఇల్లు విడిచి పారిపోయినా పడే పేరది. కాగితాలుండవు, రోజురోజుకూ జరిమానా పెరుగుతుంది. 2018లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించాకే అలాంటివాళ్లు ఎందరో ఇల్లు చేరగలిగారు. తప్పు చేసింది యజమాని, క్షమించేది పనిమనిషిని!

జమ్మలమడుగులో ఎక్కిన ముసలాయన ఈ మాటలు విని ఇటు తిరుగుతాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు ఆయన కువైట్లోనే ఉండె. జోర్డాన్ దాకా ఎడారి దాటి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కినవాళ్లలో ఒకడు. అట్లా లక్ష మందికి పైగా తిరిగొచ్చారు.

"కాందిశీకులు అనిరి మమ్మల్ని. మళ్లా రెండేండ్లకు నేనే పోతి. అప్పుడు కువైటోన్నైతి."

ఇలాంటి పేర్లు కువైటుకే కాదు. 1961లో తుర్కీ కూలీలను పిలిపించుకున్న పశ్చిమ జర్మనీ వాళ్లకు 'అతిథి కార్మికులు' అని పేరు పెట్టింది. ఎంత మర్యాద! అతిథి అంటే ఎప్పటికైనా పోవలసినవాడేగా.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధి. ఆమె గడప తొక్కగానే సేటు చూపు చేతిసంచి మీద పడుతుంది.

"రేయ్, కువైటామెకు కుర్చీ ఎయ్యి!"

కుర్చీ వస్తుంది, కూల్‌డ్రింకూ వస్తుంది. కమ్మలు తక్కెడకెక్కుతాయి. సేటు కాలిక్యులేటర్ నొక్కి ఆమె వైపు తిప్పుతాడు.

"కువైటని తరుగు ఎక్కువేస్తాండావా అన్నా? మాది పులివెందుల. సరిగ్గా ఎయ్యి."