పొత్తిగుడ్డకు పాతబట్టే ఎందుకు?

పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఉన్న పల్లెలలో, పసిబిడ్డ ఉన్న ఇల్లు ఏదో ఒకరిని అడుగనక్కరలేదు. దడిమీద ఆరవేసిన మెత్తని పాతగుడ్డలే చెబుతవి. తల్లి చీరె, తాత పంచె చినిగిన తరువాత ముక్కలై బిడ్డకు పొత్తిగుడ్డలవుతవి. తెలుగునాట చాలచోట్ల ఇదే వాడుక.

కొత్తబట్ట కొనే స్తోమత లేక ఇలా చేస్తారని కొందరి అభిప్రాయము. అందులో కొంత నిజము లేకపోలేదు. 1965లో భద్రాచలమువద్ద గోదావరికి వంతెన పడేదాకా ఖమ్మంవైపునుంచి సరుకు పడవమీదనే ఏరు దాటవలసి వచ్చేది. కాని కలిగినవారి ఇండ్లలో కూడ పొత్తిగుడ్డ పాతదే. అసలు కారణము పత్తిపోగులో ఉన్నది.

ఒక్కసారైనా ఉతకని కోరాగుడ్డమీద నీటిబొట్టు వేసి చూడండి. ముత్యమువలె నిలుస్తుంది. ఏండ్లతరబడి ఉతికిన పంచెమీద వేస్తే చూస్తుండగానే ఇంకిపోతుంది. రెండూ పత్తివే! పత్తిపోగులో నూటికి 90 పాళ్ళు, అంతకు మించి కూడ, సెల్యులోజు. దానికి నీరంటే ప్రీతి. అయితే పోగుపై పల్చని మైనపు పూత ఒకటి ఉంటుంది. బరువులో అది నూటికి ఒక పాలుకూడ లేకపోవచ్చును; నీటిని ఆపడానికి అంతే చాలు. దానికితోడు నేతలో పడుగుకు పెట్టిన గంజి. చాకలివారు గుడ్డను చౌడునీటిలో తడిపి, బానలో ఆవిరిపట్టి ఉతికినప్పుడు చౌడులోని సోడియం కార్బనేటు ఆ మైనాన్ని వదలగొడుతుంది. అప్పుడు పోగులమధ్య సందులు సన్నని గొట్టాలై కేశాకర్షణచేత నీటిని లాగుకొంటవి. అంటే పాతబట్ట గుణము పాతదనములో లేదు, పడిన ఉతుకులలో ఉన్నది. నేటి చీరెలలో చాలవరకు పాలియెస్టరువి. అవి ఎంత పాతబడినా పత్తివలె తేమను పట్టవు.

కుంకుడుకాయ సంగతికూడ చెప్పుకోవలె. బావినీటిలో కాల్షియము ఎక్కువగా ఉంటే సబ్బు తెట్టెకట్టి పోగులకు అంటుకొంటుంది. గుడ్డ మళ్ళీ నీటిని పీల్చడము మానుతుంది. కుంకుడులోని సపోనినులు అట్లా తెట్టెకట్టవు.

గుడ్డను ఉతకకుండా వాడితే ఏమౌతుందో 1886లో ఇంగ్లండులో తెలిసివచ్చింది. పురిటిబిడ్డలు కొందరు ఉన్నట్టుండి నీలివర్ణమునకు తిరిగారు. రేనర్ అనే వైద్యుడు ఆరా తీయగా, గుడ్డలపై గుర్తుకోసము వేసిన ముద్రలోని అనిలీను సిరా కారణమని తేలింది. అనిలీను చర్మముగుండా లోనికి దిగి రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. పసిబిడ్డల హీమోగ్లోబిను ఈ మార్పుకు తేలికగా లోబడుతుంది. దానిని సరిచేసే ఎంజైము వారిలో ఇంకా తక్కువ. ముద్రవేసిన గుడ్డను ముందుగా ఉడికించి ఉతికితే ప్రమాదము తప్పేది.

ఉతుకులోనే తప్పు జరిగితే? 1967లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరములో ఒక ఆసుపత్రి శిశువులు 9 మంది విపరీతముగా చెమటలుపట్టి, జ్వరము, ఆయాసములతో జబ్బుపడ్డారు. ఇద్దరు మరణించారు. సూక్ష్మజీవులు చేరకుండా చాకలిశాలలో కలిపిన సోడియం పెంటాక్లోరోఫినేటు పొత్తిగుడ్డలలో మిగిలిపోయి చర్మముద్వారా ఒంట చేరింది. శుభ్రతపై శ్రద్ధవల్లనే ఇంత అనర్థము! ఆ పనికి ఎండ, మరిగేనీరు చాలునన్న సంగతి ఏ పల్లెటూరి అవ్వనడిగినా చెప్పేది.

బిడ్డ తొడలు ఒరిసి ఎర్రబడడానికి మూత్రమునుంచి పుట్టే అమ్మోనియాయే కారణమని చాలకాలము నమ్మారు. 1921లో కుక్ అనే అమెరికా వైద్యుడు ఆ అమ్మోనియాను పుట్టించే సూక్ష్మజీవిని పట్టుకొన్నాడు కూడ. తరువాతి పరిశోధనలు నేరమును కొంత పంచిపెట్టినవి. తడికి నానిన చర్మము ముందు బలహీనమవుతుంది; అమ్మోనియావల్ల క్షారగుణము పెరిగితే మలములోని ఎంజైములు విజృంభించి ఆ చర్మమునే కొరుకుతవి. కనుక ఎంత మంచి గుడ్డైనా తడిసిన వెంటనే మార్చవలసినదే.

ఇక్కడ అడవిపల్లెలకు ఒక చిక్కున్నది. గోదావరి పొంగే శ్రావణ భాద్రపదములలో ఎండ దొరకదు. పురిటిబిడ్డకు దినమునకు పది పన్నెండు గుడ్డలైనా కావలె. పత్తి నీటిని ఎంత ఆత్రముగా పీల్చుతుందో అంత ఆలస్యముగా విడుస్తుంది. అందుచేత దళసరి గుడ్డ ఒకటి కట్టడముకన్న, పల్చని గుడ్డను నాలుగు మడతలు పెట్టి కట్టడము మేలు. పీల్చేటప్పుడు అది నాలుగు పొరలు; విప్పి దండెముమీద వేస్తే ఒక్క పొరే.