ఎర్రదీపానికి ముందు లెక్క

నరసరావుపేట సమీపాన కోటప్పకొండ తిరునాళ్ళకు మహాశివరాత్రి నాడు వెళ్ళినవారికి ప్రభల వెలుగుతోపాటు దారిలోని రద్దీ కూడా గుర్తుండే ఉంటుంది. ఆనాటి రద్దీని చూపి, పట్టణంలోని కూడలిలో ఎర్రదీపం పెట్టవలెనని కోరితే ఇంజనీరు ఒప్పుకొనడు. మామూలు రోజు లెక్క ఏదీ అని అడుగుతాడు. ఈ లెక్కకు చిన్న చరిత్ర ఉన్నది.

మొదటి సంకేతస్తంభాన్ని 1868 డిసెంబరులో లండను పార్లమెంటు భవనం చెంత నిలిపారు. దానిని రూపొందించిన జె.పి. నైట్ రైల్వే ఇంజనీరు. పగటివేళ రైలు సిగ్నలుకున్నట్టి చేతులు, రాత్రివేళ ఎరుపు, ఆకుపచ్చ గ్యాసు దీపాలు. వాటిని త్రిప్పుటకొక పోలీసు. మరుసటి నెలలోనే గ్యాసు ప్రేలి పోలీసు గాయపడ్డాడు. విద్యుద్దీపాలతో 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండులో ఈ పద్ధతి మళ్ళీ తలయెత్తింది. దీపం పెట్టడం సులువైన కొద్దీ, ఎక్కడ పెట్టకూడదన్న ప్రశ్న ముఖ్యమైనది.

మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1985లో దీనికి కొలతలు ప్రకటించింది. రెండు దారులలోనూ ఒక్కొక్క వరుసలోనే బండ్లు కూడలికి వచ్చే చోట, పెద్దదారిపై రెండు వైపుల నుండి కలిపి గంటకు 650, చిన్నదారిపై రద్దీ ఎక్కువగా ఉన్న వైపు నుండి 200 బండ్లు రావలెను. అదీ సగటు రోజున ఎనిమిది గంటలపాటు! బడిగంటకు ముందు కలిగే అరగంట రద్దీకి పోలీసు చేయి చాలును.

ప్రమాదాల విషయం మాత్రం కొంచెం చిక్కు. సిగ్నలుతో నివారింపదగిన ప్రమాదాలు పన్నెండు నెలలలో ఐదు నమోదై ఉండవలెనని ఒక షరతు. ఐదుగురికి దెబ్బలు తగిలేదాకా ఆగవలెనా అని విద్యార్థి అడిగితే ఉపాధ్యాయుడేమి చెప్పాలి? అంతవరకు ఊరకుండమని నిబంధన చెప్పదు. తక్కువ నిర్బంధం గల ఉపాయాలను ముందు సరిగా ప్రయోగించి చూడమంటుంది. మలుపును మరుగుపరచే అడ్డంకిని తొలగించడం, హెచ్చరిక పలక పెట్టడం అటువంటివే. ఎర్రదీపం అడ్డంగా వచ్చే బండ్ల ఢీని తగ్గించును గాని, ముందు బండి ఆగినప్పుడు వెనుక బండి గుద్దుకొనుట పెరగవచ్చు. అక్కరలేని చోట నిరీక్షించి విసిగినవారు దీపాన్ని లెక్కచేయక దాటుదురు.

అయినా ఈ షరతులో నాకొక లోటు కనిపిస్తుంది. లారీ తగిలి సైకిలు వంగిన సంగతి ఠాణాదాకా పోకపోతే లెక్కలోనికి రాదు.

మాచర్లలోనో, గురజాలలోనో విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా చేయవచ్చును. రోడ్డుకు దూరంగా అరుగుమీద కూర్చొని, దారికొక కాగితం చొప్పున పెట్టుకొని, బండికొక గీత గీయాలి. నాలుగు గీతలపై ఐదవది అడ్డంగా. సంతరోజు, పండుగరోజు మాత్రం వద్దు.