తడిసిన గింజ చెప్పిన చరిత్ర

వసతిగృహంలో పిల్లలు భోజనం చేసి వాంతులతో ఆసుపత్రి పాలయ్యారన్న వార్త రాగానే అందరి వేళ్ళూ ముందు వంటమనిషి వైపే తిరుగుతాయి. 2022 జూలైలో బాసర సాంకేతిక విశ్వవిద్యాలయంలో వందమందికి పైగా విద్యార్థులు మధ్యాహ్న భోజనం తరువాత జబ్బుపడ్డారు. 2024 అక్టోబరు చివర వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో బాలికలు అస్వస్థులయ్యారు. వారిలో ఒక బాలిక నవంబరులో హైదరాబాదులో చికిత్స పొందుతూ కన్నుమూసింది. ఇటువంటి ప్రతి సందర్భంలోనూ "దోషి ఎవరు?" అన్న ప్రశ్న ముందు పుడుతుంది. "మూలం ఏది?" అన్న ప్రశ్న వెనకబడుతుంది. ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావని చెప్పడమే నా ఉద్దేశం.

మా వేములవాడ శివరాత్రి జాతరకు జనం కూడే ఊరు. జాతర అంటే గత్తర భయం ఒకప్పుడు వెన్నంటి ఉండేది. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో సమావేశమైన అంతర్జాతీయ పారిశుధ్య సభ గత్తర వ్యాప్తికి యాత్రలనే అతి బలమైన కారణంగా ఎంచింది. నింద యాత్రికుని నెత్తిన పడింది. కాని అంతకు 12 సంవత్సరాల ముందే, 1854లో, లండను వైద్యుడు జాన్ స్నో బ్రాడ్ వీధిలో ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవారు ఏ చేతిపంపు నీళ్ళు తాగారో విచారించాడు. అంతటితో ఆగలేదు. ఆ వీధిలోనే ఉన్న బీరు బట్టీ కార్మికులు డెబ్బయి మందికి పైగా ఉండి ఒక్కరూ ఎందుకు చావలేదని అడిగాడు. వాళ్ళు ఆ పంపు నీళ్ళు ముట్టలేదు. జబ్బుపడ్డవాణ్ణి ఎంత శ్రద్ధగా అడుగుతామో, పడనివాణ్ణీ అంత శ్రద్ధగా అడగాలి. విషాహారాన్ని పట్టుకునే శాస్త్రమంతా ఈ ఒక్క సూత్రం మీద నిలిచింది.

ఈ సూత్రాన్ని మన దేశంలో గింజల వరకు తీసుకుపోయినవారిలో హైదరాబాదు శాస్త్రజ్ఞులు ముఖ్యులు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పేరుపొందిన సంస్థ వారిది. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాల ఆదివాసీ పల్లెల్లో 397 మంది కామెర్లతో, పొట్టలో నీరు చేరి మంచంపట్టారు. 106 మంది మరణించారు. వాళ్ళ తిండి తిన్న కుక్కలూ చచ్చాయి. వెతకగా అకాల వర్షానికి తడిసి బూజు పట్టిన మక్కజొన్నలో అఫ్లటాక్సిన్ అనే విషం బయటపడింది.

1995లో ఆపద దక్కను పీఠభూమికే వచ్చింది. కడుపునొప్పి, విరేచనాలు వ్యాపించాయి. పరిశీలించిన 50 గ్రామాల్లో 27 గ్రామాలు బాధపడ్డాయి. వానకు తడిసిన జొన్నలు, మక్కలు తిన్న ఇళ్ళకే జబ్బు వచ్చింది. శాస్త్రజ్ఞులు ఆ ఇళ్ళ గింజలను రోజు వయసు కోడిపిల్లలకు పెడితే వాటికీ విరేచనాలు పట్టాయి. జబ్బు సోకిన ఇళ్ళ మక్కల్లో ఫ్యుమొనిసిన్ అనే బూజు విషం కిలోకు 64.7 మిల్లీగ్రాముల దాకా ఉండగా, సోకని ఇళ్ళ మక్కల్లో 0.24 దాటలేదు. అదృష్టవశాత్తు ఆ జబ్బు తనంత తానే తగ్గిపోయింది.

ఇంతవరకు శాస్త్రానికి నమస్కరిస్తాను. అయితే 1974 ఉదంతానికి కారణాలు చెప్పినప్పుడు అకాల వర్షం, వరుస కరువు, నిలవచేసే వసతి లేకపోవడం అనే వాటి పక్కనే "తెలియనితనం" కూడా చేర్చారు. ఇక్కడే నాకు అభ్యంతరం. మా అమ్మ తడిసిన మక్కలను చాటలో పోసుకొని నల్లగింజ ఏరేది. ఏరగా మిగిలింది పూట గట్కకు చాలదని తోస్తే, ఏరి పారేసిన గింజనే మళ్ళీ కడిగి ఎండబోసేది. ఆమెకు తెలియదా? తెలుసు. కడిగినా వండినా ఆ విషం పూర్తిగా పోదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పినా, ఆ పూటకు మరో గింజ ఇంట్లో లేదు. గాదె నిండుగా ఉన్నవాడు నల్లగింజను పశువులకు వేయగలడు. లేనివాడు దాన్నే తింటాడు. దీన్ని తెలియనితనం అనడం దారిద్ర్యానికి మారుపేరు పెట్టడమే.

చట్టాలు లేకపోలేదు. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం, దాని స్థానంలో వచ్చిన 2006 నాటి చట్టం అమ్మే సరుకును చూస్తాయి. సొంత చేనులో తడిసి సొంత కుండలో ఉడికిన గింజ వాటి కంటికి కనపడదు. 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం జబ్బులను లెక్కిస్తుంది. ఆ లెక్క అవసరమే, కాని గింజ దాకా నడవనిదే లెక్కకు అర్థం రాదు.

వంటమనిషి తప్పు చేస్తే విచారించవలసిందే. కాని వంటగదికి వచ్చిన బియ్యం ఏ గోదాములో ఎన్నాళ్ళున్నది, పప్పు ఏ ధరకు కొన్నది, నీళ్ళు ఏ తొట్టివి, వండిన ఎన్ని గంటలకు వడ్డించారు? ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు, తిననివారు ఎలా ఉన్నారు? ఇది వైద్యుని పని మాత్రమే అనుకోవద్దు. ఉపాధ్యాయుని వద్ద హాజరు పట్టీ ఉన్నది; విద్యార్థికి తోటివాడు ఏమి తిన్నాడో తెలుసు. గిన్నెలు కడిగేయకముందే, మొదటి గంటలోనే, ఒక నోటుపుస్తకంలో ఆ జవాబులు రాసిపెట్టండి. రేపు విచారణ వంటమనిషి దగ్గర ఆగిపోతే, ముందుకు నడపడానికి ఆ పుస్తకమే ఆధారమవుతుంది.